పిస్టనుకి గాజులు

పిస్టను రింగు ఎప్పుడైనా చూశారా మీరు? చూడకపోతే నామోషీ ఏమీ లేదు. నలభై అయిదేళ్ళు నిండేదాకా నేనూ చూడలేదు. అచ్చం గాజులా ఉంటుంది. చంటిపిల్లల చేతికి వేస్తారే, ఆ రెండంగుళాల గాజు సైజు. బంగారమూ కాదు, మట్టీ కాదు, పోత ఇనుము. చేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు. కాకపోతే మన గాజు పగిలితేనే తెగుతుంది, ఈ గాజు పుట్టుకతోనే ఒకచోట తెగి ఉంటుంది. ఆ తెగినచోట ఉన్న సందులోనే ఇంజను ప్రాణమంతా ఉందంటాడు మా నాన్న.

నా నవలల్లో కథానాయకులు మోటారుసైకిళ్ళ మీద చాలా దూరమే తిరిగారు. బీచి రోడ్డు మీద హీరోయిన్ పమిట ఎగిరేలా నడిపినవాళ్ళున్నారు. అలిగి సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కి ఒంటరిగా వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఒక్కడైనా బండి ఆగిపోతే దిగి మూత విప్పిన పాపాన పోలేదు. వాళ్ళని అనుకుని ఏం లాభం? వాళ్ళని పుట్టించిన నేను జ్ఞానాపురం సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాలలో బి.ఎ. చదివినదాన్ని. అక్కడ సవర్ణదీర్ఘ సంధి, గుణసంధి చెప్పారు గానీ ఈ రింగు సందు సంగతి ఎవరూ చెప్పలేదు.

అంచేత 2024 డిసెంబరులో ఒక ఆదివారం మా నాన్న బండి ఇంజనుకి పై భాగమంతా, అంటే పిస్టను, రింగులు, బ్లాకు, హెడ్డు, నా చేతులతో బిగించాను అంటే నమ్మేవాళ్ళు తక్కువ. నమ్మకపోతే మానెయ్యండి. ఎలా బిగించానో మాత్రం వినండి.

బండి యమహా ఆర్ఎక్స్ 100. ఎర్రది. మనదేశంలో ఈ రకం 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. ఆగిపోయి ఇన్నేళ్ళయినా కుర్రాళ్ళకి దాని మీద మోజు తీరలేదు. పాతబడ్డకొద్దీ ధర పెరిగేవి ఊరగాయ జాడీలూ, ఈ బండీనూ. మా నాన్న దీన్ని 1989 డిసెంబరులో అప్పు చేసి కొన్నాడు. అప్పట్లో ఆయన స్టీల్ ప్లాంటులో ఫిట్టరు.

మా నాన్నది అగనంపూడి దగ్గర ఒక ఊరు. 'ఒక ఊరు' అని ఎందుకంటున్నానంటే ఆ ఊరు ఇప్పుడు లేదు, ప్లాంటు కింద పోయింది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసినప్పుడు ఆయనకింకా మీసాలు సరిగ్గా రాలేదు. భూములు పోయిన నిర్వాసితులకి ఆర్ కార్డులని ఇచ్చారు. ఆ కార్డు మీద ఎనభైల్లో ఉద్యోగం దొరికింది, ముందు ఫిట్టరు కింద హెల్పరుగా. తన ఊరు ఉన్నచోటికే రోజూ డ్యూటీకి వెళ్ళేవాడన్నమాట. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించారు. దాని పేరు గోదావరి. రెండోది కృష్ణ. మూడోది 2012లో వచ్చింది, అన్నపూర్ణ. నిప్పుల కొలిమిని నది పేరు పెట్టి పిలవాలని తోచినవాళ్ళ నోట్లో పంచదార పొయ్యాలి.

ఆ కొలిమి దగ్గర ముప్ఫై ఏళ్ళు ఉండి మా నాన్న నేర్చుకున్నది ఒకటే మాట. "ఏ ఇనుమైనా ఏడెక్కితే పెరుగుద్ది. పెరగడానికి సోటు ఒగ్గాల." రైలు పట్టాల మధ్య సందు చూపించీ, ఇంటి గుమ్మానికి వేసిన ఇనప తలుపు చూపించీ ఇదే చెప్పేవాడు. మాకు కాదు, మా తమ్ముడికి. నెలకోసారి ఆదివారంనాడు బండి విప్పేవాడు. తమ్ముడు టార్చిలైటు పట్టుకునేవాడు. నేను టీ పట్టుకెళ్ళేదాన్ని. గ్లాసు అందించి ఒక్క నిమిషం నిలబడితే, "ఆడగుంటవి, సేతులు మసవుతాయి, ఎల్లి సదువుకో" అనేవాడు. చదువుకున్నాను. తమ్ముడూ చదువుకున్నాడు. టార్చి పట్టిన తమ్ముడు అమెరికాలో కంప్యూటరు ముందు తేలాడు. టీ పట్టుకెళ్ళిన అక్క సీతమ్మధారలో కాగితాల ముందు తేలింది. బండి మాత్రం నాన్న దగ్గరే ఉండిపోయింది.

2018లో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూచున్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ ఏదో మాత్ర నలుపుతున్నట్టు ఆడుతూ ఉంటాయి. జేమ్స్ పార్కిన్‌సన్ అనే లండను వైద్యుడు 1817లోనే ఈ వణుకుడు జబ్బు గురించి పుస్తకం రాశాడట. ఆయన పేరే దానికి పెట్టారు. అణచిపెట్టే మందులున్నాయి గానీ పోగొట్టే మందు లేదు. వణుకు చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ అసలు బాధ అది కాదండీ. చెయ్యి పనిలో పెడితే వణుకు కాస్త తగ్గుతుంది కూడాను. కానీ వేళ్ళు మాట వినవు. చొక్కా బొత్తం పెట్టుకోవడానికి పావుగంట. సంతకం పెడితే అక్షరాలు చీమలంత. బొత్తాలు అమ్మ పెట్టబోతే చెయ్యి తోసేస్తాడు.

2020 చివర్లో బండి ఎక్కడం మానేశాడు. ఆ మరుసటి జనవరిలోనే ప్లాంటును ప్రైవేటుపరం చెయ్యాలని ఢిల్లీలో నిర్ణయం జరిగింది. కూర్మన్నపాలెం కూడలిలో కార్మికుల శిబిరం వెలిసింది. నాన్న దానికి ఆటోలో వెళ్ళాడు. ఇంట్లో బండి పెట్టుకుని ఆటో ఎక్కడం ఆయన జీవితంలో అదే మొదలు. తిరిగొచ్చి ఏం జరిగిందో చెప్పలేదు, ఆటోవాడు ఎనభై రూపాయలు తీసుకున్నాడని మాత్రం చెప్పాడు.

ఇనుము పుట్టే ఊళ్ళోనే ఇనుముకి తొందరగా తుప్పు పడుతుంది. మా విశాఖ చమత్కారం అది. ఉప్పుగాలి గోడ మేకుల్నే వదలదు. నాలుగేళ్ళు టార్పాలిన్ కింద నిలబడిపోయిన బండిని వదులుతుందా? లోపల రింగులు సిలిండరు గోడకి తుప్పుతో అతుక్కుపోయాయి. కిక్కు కొడితే కాలికి రాయి తగిలినట్టు ఉండేది. పైగా పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించాలి కదా, ఆ గడువు 2024 డిసెంబరుకి వచ్చి కూచుంది. నడవని బండికి ఎవరు ముద్ర వేస్తారు?

"అమ్మెయ్యండక్కా" అన్నాడు తమ్ముడు ఫోనులో. గాజువాక కుర్రాడొకడు నాన్న కొన్న ధరకి ఎన్నో రెట్లు ఇస్తానని అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. నాన్న అతనికి చెప్పిన జవాబు ఇది: "నడిసే బండిని అమ్ముతాను బాబూ. సచ్చిన బండిని అమ్మను."

వీధి చివర మెకానిక్కు వచ్చి, డీజిల్ పోసి మూడు రోజులు నానబెట్టి, చెక్కతో తట్టి తట్టి బ్లాకు ఊడదీశాడు. దాన్ని ఆటోనగర్‌లో ఒక లేతు షాపుకి తీసుకెళ్ళి బోరు చేయించుకొచ్చాం. బోరు చెయ్యడమంటే గీతలు పడ్డ లోపలి గోడని కొంచెం చెక్కి నున్నగా చెయ్యడం. చెక్కితే రంధ్రం పెద్దదవుతుంది. అంచేత పిస్టను కూడా పెద్దది వెయ్యాలి. ఈ బండికి అసలు కొలత యాభై మిల్లీమీటర్లు. ఆ పైన పావు మిల్లీమీటరు చొప్పున, ఒక మిల్లీమీటరు దాకా పెద్ద పిస్టన్లు దొరుకుతాయి. మాది ఒకసారి ముందే చేయించినది, ఇప్పుడు అర మిల్లీమీటరుకి వచ్చింది. నాన్న ఎడమచేతి వేళ్ళు ముడిచి లెక్కపెట్టాడు. "ముప్పావొకటి, ఒకటి ఒకటి. ఇంకా రెండు జన్మలున్నాయి దీనికి."

మెకానిక్కు గంటలో బిగించి ఇస్తానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "దీని తల నేనే పెడతాను" అన్నాడు. అమ్మ నాకు ఫోను చేసింది. ఏం చెప్పాలో తెలీక, "ఆదివారం నువ్వొచ్చి ఊరికే కూచోవే" అంది.

వెళ్ళేసరికి వసారాలో చాప పరిచి, చాప మీద పాత దినపత్రిక పరిచి, పత్రిక మీద సామానంతా పెళ్ళిలో పళ్ళేలు సర్దినట్టు సర్దుకుని ఉన్నాడు. హెడ్డుకి పట్టిన మసి ముందు గీకాలి. అది అల్యూమినియం, మెత్తన. కత్తి తగిలితే గీత పడుతుంది. "సెక్క తెడ్డు తే" అన్నాడు అమ్మతో. అమ్మ తెడ్డయితే తెచ్చింది గానీ, "ఇది మరి వంటింట్లోకి రాకూడదు" అని షరతు పెట్టి మరీ ఇచ్చింది. పొగ బయటికి పోయే కిటికీలో కూడా బెల్లం పాకం మాడినట్టు మసి గడ్డకట్టి ఉంది. అదంతా గీకింది నేనే. దానికి ఫిట్టరు అక్కర్లేదు కదా అని నాన్న అభ్యంతరం చెప్పలేదు.

'కిటికీ' అన్నాను కదా, అది ఉపమానం కాదండీ. ఈ టూ స్ట్రోకు ఇంజను చాలా చిత్రమైన ఇల్లు. తలుపుల్లేవు, గోడలకి కిటికీలే. కింది గదిలోంచి పెట్రోలూ గాలీ పక్క కిటికీల ద్వారా పైగదిలోకి వస్తాయి, పొగ ఇంకో కిటికీలోంచి పోతుంది. ఆ కిటికీలు మూసేదీ తెరిచేదీ వేరే ఎవరో కాదు, కిందికీ పైకీ తిరిగే పిస్టనే. ఇంటి ఇల్లాలి లాగ అన్నీ తనే. ఇంజను మొత్తం ఖాళీ తొంభై ఎనిమిది సీసీలు, అంటే చిన్న టీ గ్లాసుడు. బండి నిమిషానికి ఆరువేల చుట్లు తిరుగుతుంటే ఆ టీ గ్లాసులో సెకనుకి వందసార్లు నిప్పు అంటుకుంటుంది. నూనె కూడా పెట్రోలుతో పాటే కాలిపోతుంది. ఆ పొగ మూలంగానే రోడ్ల మీద ఈ జాతి అంతరించింది.

ముందు రింగు కొలవాలి. రింగుని ఒక్కదాన్నీ ఖాళీ సిలిండరులో పెట్టి, పిస్టనుతో కొంచెం లోపలికి నెట్టి సమంగా కూచోబెట్టి, తెగినచోట ఎంత సందుందో రేకులతో కొలుస్తారు. ఆ రేకుల కట్ట విసనకర్రలా విచ్చుకుంటుంది. ఒక్కో రేకు మీద దాని మందం రాసి ఉంటుంది. నాన్న కళ్ళకి ఆ అంకెలు ఆనవు. నేను చదివాను. ఇరవై వందల వంతులది సులువుగా దూరింది. ఇరవై అయిదుది బిగుతుగా దూరింది. "సాలు" అన్నాడు నాన్న, రొయ్యల కూరలో ఉప్పు చూసినట్టు. సందు మరీ ఎక్కువైతే నిప్పు కిందికి జారిపోయి బలం ఉండదు. మరీ తక్కువైతే వేడికి రింగు పెరిగి, కొసలు రెండూ ఒకదాన్నొకటి కుమ్ముకుని గోడని చీరేస్తాయి. పిస్టనుకీ గోడకీ మధ్య వదిలే ఖాళీ ఒక వెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుందట. పిస్టను అల్యూమినియం, గోడ ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకి రెండింతలు పెరుగుతుంది. ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరూ ఒకేలా వేడెక్కరన్న సంగతి మనకి ఇంజను చూసి తెలియాలా!

ఇక పిస్టనుని కనెక్టింగ్ రాడ్డుకి తగిలించాలి. పిస్టను నెత్తిమీద చిన్న బాణం గుర్తుంటుంది, అది ముందువైపు, పొగ కిటికీ వైపు చూడాలి. అడ్డంగా ఒక పిన్ను దూరుతుంది. ఆ పిన్ను జారిపోకుండా అటొకటి ఇటొకటి సర్క్లిప్పులు. ముక్కుపుడక తీగంత ఉంటాయి. అవి గాడిలో కూచోకపోతే పిన్ను పక్కకి జరిగి గోడని దున్నేస్తుంది. పెట్టేటప్పుడు ఎగిరి ఇంజను కింది గదిలో పడితే మొత్తం ఇంజను రెండు చెక్కలుగా విప్పాలి. అందుకని నాన్న అమ్మ పాత నేతచీర ముక్క అడిగి ఆ నోటి చుట్టూ కుక్కించాడు.

మొదటి క్లిప్పు ఆయనే తీసుకున్నాడు. కటకటాల్లోంచి ఎండ పడుతోంది. సన్నమూతి పటకారుతో క్లిప్పు పట్టుకుని గాడి దగ్గరికి తెచ్చేవాడు, సరిగ్గా అక్కడికొచ్చేసరికి వేళ్ళు ఆగిపోయేవి. మళ్ళీ తెచ్చేవాడు. మూడోసారి క్లిప్పు టింగుమని ఎగిరి చీరముక్కలో పడింది. అమ్మ గుమ్మంలోంచి, "సీర కాసింది" అని మెల్లిగా అంది. ఎవరూ నవ్వలేదు. పక్కింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది. ఈ మనిషి క్రేను హుక్కు మీద వేలాడుతూ నట్లు బిగించిన మనిషి. ఫర్నేసు షట్‌డౌన్ అయితే రెండు రోజులు ఇంటికి రాని మనిషి. నేను పత్రికలో ఏవో గళ్ళనుడికట్టు చూస్తున్నట్టు తల దించుకున్నాను.

నాలుగోసారి ఆయన ప్రయత్నించలేదు. పటకారు నా అరచేతిలో పెట్టాడు. "అమ్మీ, సందు పైకుండాల. ఒక కొస ముందు గాడిలో ఎట్టి, రెండోది బొటనేలితో నొక్కు" అన్నాడు, అదేదో రోజూ చెప్పే మాటలాగా. తర్వాత అమ్మవైపు తిరిగి, "టార్సి పట్టు" అన్నాడు.

అరవై ఎనిమిదేళ్ళ అమ్మ టార్చి పట్టుకుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఊపిరి బిగబట్టి మరీ పట్టుకుంది. నేను ఒక కొస గాడిలో పెట్టి రెండోది నొక్కాను. టిక్కుమంది. నాన్న వేలితో తడిమి చూశాడు, స్క్రూడ్రైవరు మొనతో తిప్పి చూశాడు. "రెండోది" అన్నాడు. అంతే. మెచ్చుకోలు మా ఇంట్లో ఎప్పుడూ ఇంతకంటే పొడుగు ఉండదు.

తర్వాతది నేను జన్మలో మరిచిపోను. పిస్టను నిలబడి ఉంది, దానికి రెండు గాజులు తొడిగి ఉన్నాయి. వాటి మీదుగా బరువైన బ్లాకుని పైనుంచి దింపాలి. రింగులు స్వభావతః విచ్చుకునే ఉంటాయి, వాటిని వేళ్ళతో నొక్కి ముడిస్తే గాని బ్లాకులో దూరవు. ఎంత నొక్కాలో, ఎక్కడ ఆగాలో నాన్న చెప్పబోయాడు. చెప్పక్కర్లేకపోయింది. గాజులు వేయించుకున్న ఆడదానికి ఆ పని కొత్తేమిటండీ? చిన్నప్పుడు మలారం దించి కూచున్న గాజులావిడ నా చెయ్యి పట్టుకుని వేళ్ళ మొదళ్ళు ముడుచుకునేలా ఎంత మెత్తగా పిసికేదో, ఆ బిగింపు నా చేతికి గుర్తుంది. నూనె రాసి, రెండు బొటనవేళ్ళతో రింగు కొసలు దగ్గరికి తెచ్చాను. కొసల మధ్య గాడిలో చిన్న మేకు ఉంటుంది, కొసలు దాన్ని కావలించుకుని ఉండాలి. లేకపోతే రింగు గుండ్రంగా తిరిగి, కొస కిటికీలోకి పొడుచుకొచ్చి విరుగుతుంది. "తిప్పకు, తిప్పకు, నిట్టనిలువుగా దింపు" అంటూనే ఉన్నాడు. బ్లాకుని అమ్మా నాన్నా చెరోవైపు పట్టుకుని దింపారు. ఒక రింగు దూరింది. రెండోది దూరింది. పట్టుచీర మడతలో చెయ్యి జారినట్టు బ్లాకు కిందికి జారి కూచుంది.

ఫోనులో తమ్ముడు చూస్తున్నాడు. వాళ్ళకి అర్ధరాత్రి. "అక్కా, బాణం ముందుకే ఉంది కదా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కిందట టార్చి పట్టుకుని విన్నమాట. వాడికీ కొంచెం గొంతు బొంగురుపోయింది, నిద్రలేక కాబోలు.

హెడ్డుకి నాలుగు నట్లు. ఒక్కటే పూర్తిగా బిగిస్తే పలక వంకరపోతుంది. అంచేత ఎదురుబొదురుగా, కొంచెం కొంచెం, మూడు విడతల్లో బిగించాలి. ముగ్గులో ఈ మూల చుక్క నుంచి ఆ మూల చుక్కకి గీత లాగినట్టు. నాన్న ఎప్పుడూ చేత్తోనే బిగించేవాడు. ఎంత బిగువో ఆయన మణికట్టుకే తెలుసు. ఆ రోజు మాత్రం ఆటోనగర్ నుంచి టార్క్ రెంచి అద్దెకి తెప్పించి ఉంచాడు. పుస్తకంలో చెప్పిన బిగువు రాగానే టక్కుమంటుంది అది. "ఇదెందుకు నాన్నా, నువ్వు చెప్తూ ఉంటే సరిపోదా?" అన్నాను. "నా సెయ్యి మరి అబద్దాలు సెప్తంది" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నేను రెంచి తిప్పాను. నాలుగు నట్లు, నాలుగు టక్కులు. ప్రతి టక్కుకీ ఆయన తల ఊపాడు.

నూనె గొట్టంలో గాలి తీయడం, ప్లగ్గు బిగించడం, కార్బురేటరు కడగడం, వీటితో మీ ప్రాణం తియ్యను. సాయంత్రం నాలుగయింది. చుడీదారు కుచ్చిళ్ళు పైకి లాక్కుని కిక్కు కొట్టాను. ఏడో కిక్కుకి అందుకుంది. పూసిన నూనంతా మండి నీలిపొగ కాలనీ అంతా కమ్మేసింది. ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు, వెనకింటివాళ్ళు చూడ్డానికి వచ్చారు. నాన్న కళ్ళు మూసుకుని వింటూ ట్యాంకు మీద చెయ్యి వేశాడు. బండి వణుకుతోంది, చెయ్యీ వణుకుతోంది. ఏ వణుకు దేనిదో చూసేవాళ్ళకి తెలీదు.

పది నిమిషాలకి ఆపమన్నాడు. అప్పుడే గాజువాక కుర్రాడి ఫోను. శబ్దం ఊరంతా విన్నదేమో! నాన్న స్పీకరు పెట్టించి మాట్లాడాడు. "కొత్త పిస్టన్ బాబూ. మొదటి అయిదొందల కిలోమీటర్లు నలభై దాటకూడదు. నీ వయసోడు ఆగుతాడేటి? అంచేత ఇప్పుడివ్వను." పెట్టేసి నావైపు చూశాడు. "నువ్వెప్పుడైనా నలభై దాటావేటి?"

వయసులో దాటాను గానీ నా స్కూటీ మీద ఎన్నడూ దాటలేదు. గేర్ల బండి రాదన్నాను. "సర్క్లిప్పేటి వచ్చేటి నీకు పొద్దున్న?" అన్నాడు.

అమ్మ తెడ్డుకేసి చూసి నిట్టూర్చి లోపలికెళ్ళింది. నేను గోళ్ళ కింద మసి పోవడానికి శనగపిండి రుద్దుకుంటున్నాను. నాన్న రెంచిని చమురుగుడ్డలో చుడుతూ చెప్పాడు: రాత్రంతా చల్లారాక హెడ్డు కొంచెం సర్దుకుంటుంది, నట్లు ఇంకోసారి చూడాలి. ఎండెక్కకముందే అయిపోవాలి.

"ఆరింటికి లెగు" అన్నాడు.